చూసింది చూసినట్టు

జిల్లా జైలు, విజయవాడ
2025 జనవరి 20

దుర్గక్కకు,

రాంబాబు రాసేది. నా చేతివ్రాత చూడగానే నువ్వు ఈ కాగితం పక్కన పడేస్తావేమో. పడేసినా, చించేసినా నేననగలిగింది లేదు. బావను చంపి, అక్కకు ఉత్తరం ఏ మొహంతో రాస్తావని ఇక్కడ నాతో ఉండే అబ్రహాము గారు అడిగారు. అయినా రాయకుండా ఉండలేకపోయాను.

నవంబరులో తీసుకొచ్చినప్పటి నుంచి ఇక్కడే ఉన్నాను. లాయరు తిరుపతిరావు గారు బెయిలుకు వేస్తే కొట్టేశారు. మళ్ళీ వేస్తే మళ్ళీ కొట్టేశారు. కళ్ళారా చూసిన సాక్షి నా సొంత అక్కే కాబట్టి, బయటికొస్తే నీ మీద ఒత్తిడి తెస్తానని జడ్జి గారు అన్నారట. అది అబద్ధమేమీ కాదు. బయటుంటే వచ్చి నీ కాళ్ళ మీద పడేవాణ్ణే.

ఇక్కడ ఉత్తరాలు ఆఫీసులో చదివాకే పోస్టు చేస్తారు. వచ్చేవి కూడా చదివాకే మా చేతికిస్తారు. అందుకని కేసు సంగతులు రాయను.

కీర్తన ఎలా ఉంది? మీ అత్తగారి ఊళ్ళో బడిలో చేర్చావని అమ్మ చెప్పింది. కిందటేడు గుణదల తిరునాళ్ళలో నా భుజాల మీద ఎక్కి కూర్చుని కొండ మీద దాకా దిగనంది. నా మెడ పట్టేస్తే బావ పడీపడీ నవ్వాడు. ఇలాంటివి గుర్తొచ్చినప్పుడు ఎటు తిరిగి పడుకోవాలో తెలియడం లేదక్కా.

నీ తమ్ముడు
రాంబాబు


కొత్త ఏటిపాలెం
నాగాయలంక మండలం
ఫిబ్రవరి 11

రాంబాబుకు,

పోస్టుమాన్ నీ ఉత్తరం మామయ్య చేతికిచ్చాడు. ఆయన చించుతారనుకున్నాను. చించలేదు. నేను బియ్యం చెరుగుతుంటే తెచ్చి పక్కన పెట్టి, "నీ తమ్ముడు రాశాడమ్మాయ్. చదువుకుంటావో, పొయ్యిలో పెడతావో నీ ఇష్టం" అన్నారు. కొడుకును పోగొట్టుకున్న మనిషి ఆ మాట ఎంత మెల్లగా అన్నారో నువ్వు వినాల్సింది. అత్తయ్య మాత్రం ఆ కాగితం గదిలో ఉన్నంతసేపూ గుమ్మం దాటి లోపలికి రాలేదు.

నిన్ను ఏమని పిలవాలో తెలియక పైన ఉత్త పేరు రాశాను.

నాన్న పోయినప్పుడు నీకు ఊహ కూడా తెలియదు. అమ్మ చేపల గంపతో ఊరూరా తిరుగుతుంటే నిన్ను నేను పెంచాను. నా పెళ్ళయ్యాక ఆయన పెంచారు. చదువు అబ్బలేదంటే తిట్టలేదు. కైకలూరు నుంచి విజయవాడలో మన కొట్టుకు చేపలు తెచ్చే బండి నీ చేతికిచ్చి, "ఇక నుంచి ఇది నీదిరా" అన్నారు. నువ్వేం చేశావు? హనుమాన్ జంక్షన్‌లో బండి ఎండలో ఆపి, తాగి పడుకున్నావు. ఐసంతా నీళ్ళయిపోయింది. ఆదివారం బేరానికి వాసనొచ్చే చేపలు దించావు. ఆయన మార్కెట్లో అందరి ముందూ నిన్ను చెంప మీద కొట్టారు.

అలా కొట్టడం తప్పే. ఆ సాయంత్రం నేను ఆయనతో పోట్లాడాను. "నిజమేలే దుర్గా, జనంలో కొట్టకుండా ఉండాల్సింది. రేపు వాడితో మాట్లాడతా" అన్నారు. నీ మీద ఆయనకు మిగిలిన కోపం అంతే.

కీర్తన గురించి నువ్వు అడగకు. ఇకమీద రాయకు.

దుర్గ


జిల్లా జైలు, విజయవాడ
ఏప్రిల్ 9

అక్కా,

రాయొద్దన్నావు. ఈ ఒక్కటీ రాయనివ్వు.

మొన్న కోర్టుకు తీసుకెళ్ళారు. జడ్జి గారు ఆవిడ. నా మీద మోపిన నేరం ఏమిటో తెలుగులో చదివి వినిపించారు. ముందు రోజు కొట్టాడన్న పగతో, ఇంటి దగ్గర నుంచే కత్తి వెంట తీసుకుని, గంగాప్రసాద్‌ను చంపాలనే బయలుదేరి వెళ్ళానని అందులో ఉంది. "అర్థమైందా? ఒప్పుకుంటావా, విచారణ జరగాలంటావా?" అని అడిగారు. ఏమనాలో లాయరు గారు ముందే చెప్పి ఉంచారు. "ఒప్పుకోనండీ, విచారణ జరగాలి" అన్నాను. అంతే, వాయిదా వేశారు. ఒక మనిషి ప్రాణం సంగతి ఇంత తొందరగా అయిపోయిందేమిటనిపించింది. అది మొదలేనని, ఇక సాక్షులను పిలుస్తారని, ముందుగా నిన్నే పిలుస్తారని దారిలో ఎస్కార్టు కానిస్టేబుల్ చెప్పాడు.

కేసు సంగతి రాయనన్నాను కానీ ఒక్క మాట. ఆ ఉదయం మీ ఇంటికి ఎందుకు వెళ్ళావని పోలీసులు అడిగారు, లాయరు గారు అడిగారు. నా అంతట నేనే వెళ్ళానని చెప్పాను. ఇంకెవరడిగినా అదే చెబుతాను. నువ్వు ఆ ఇంట్లో ఉండాలి. కీర్తన అక్కడ పెరగాలి. నీకు అర్థమవుతుంది.

రాంబాబు


కొత్త ఏటిపాలెం
మే 18

రాంబాబూ,

నువ్వు ఆఖర్న రాసిన ఆ నాలుగు మాటలు చాలాసార్లు చదివాను. అందుకే జవాబు రాస్తున్నాను. లేకపోతే రాయకపోదును.

అమ్మ వచ్చింది. ఈ ఎండలో బస్సు దిగి, నాగాయలంక నుంచి ఆటో దొరక్క కరకట్ట మీద నడిచి వచ్చింది. అత్తయ్య ఆమెను చూసి లేచి లోపలికి వెళ్ళింది. మళ్ళీ తనే చెంబుతో నీళ్ళు తెచ్చి అరుగు మీద పెట్టి, పెరట్లోకి వెళ్ళిపోయింది. అమ్మ ఆ నీళ్ళు తాగి నా కాళ్ళు పట్టుకుంది. కన్నతల్లి నా కాళ్ళు పట్టుకుంది రాంబాబూ.

"చూళ్ళేదని చెప్పవే దుర్గా. ఇంటెనక ఉన్నా, అరుపు ఇనపడితే వచ్చానని చెప్పు. ఒక్క మాటేగా. పోయినోడు ఎట్టాగూ రాడు. ఉన్నోడన్నా బయటపడతాడు."

"పోయినోడు నా మొగుడమ్మా" అన్నాను.

"వాడు నీ సేతుల్లో పెరిగినోడు కాదటే?"

ఆ పూట అన్నం తినమంటే తినకుండానే వెళ్ళిపోయింది.

ఆ మరునాడు మామయ్య నన్ను కూర్చోబెట్టి మాట్లాడారు. సమన్లు వస్తాయి, భయపడొద్దు అన్నారు. "పోలీసులు రాసుకున్న కాగితం నేను చదివించుకున్నానమ్మాయ్. వాడు కత్తి ఎంట తెచ్చుకున్నాడని అందులో ఉంది. అది గట్టిగా చెప్పు. వాడికి ఉరి పడితేనే నా కొడుకు మనసు చల్లబడుద్ది." పొద్దున్నే వలలు చూసుకుని వచ్చి, కీర్తనను సైకిలు మీద బడిలో దింపి, మళ్ళీ సాయంత్రం తీసుకొచ్చేది ఆయనే. అది రాత్రి కలవరిస్తే లేచి కూర్చునేది అత్తయ్య. వాళ్ళ అన్నం తింటున్నాను. వాళ్ళ మాట కాదనడానికి నాకు నోరెక్కడిది?

ఒకవైపు చూడలేదని చెప్పమంటారు. ఇంకోవైపు చూడనిది చూశానని చెప్పమంటారు. అక్కడ ఏం జరిగిందో నన్ను అడిగినవాళ్ళు ఇంతవరకూ లేరు.

నువ్వేం చెప్పమంటావు? నీ నోటితో చెప్పు.

దుర్గ


జిల్లా జైలు, విజయవాడ
జూన్ 6

అక్కా,

అమ్మను పంపింది నేనే. ములాఖత్‌కు వచ్చినప్పుడు జాలీకి ఇవతల నిలబడి ఏడ్చి, "అక్క చెబితేనే నేను బతుకుతా, వెళ్ళి అడుగు" అన్నాను. ఉరి అన్న మాట విన్నప్పటి నుంచీ నాకు అన్నం గొంతు దిగడం లేదు. బావ చావు తలుచుకుని కాదు, నా చావు తలుచుకుని. అలాంటివాణ్ణి నేను.

నీ ఉత్తరం వచ్చాక అబ్రహాము గారికి చదివి వినిపించాను. ఆయన ఇంకేదో కేసులో ఉన్నారు, ఎవరి సంగతీ అడగరు. అంతా విని, "మీ అక్క నిన్ను అడిగింది చూడు, అంతకంటే నీకు దక్కేదేం లేదు. దానికి మళ్ళీ అబద్ధం చెప్పకు" అన్నారు.

చూసింది చూసినట్టు చెప్పక్కా. నాకు మేలవుతుందా, కీడవుతుందా అని చూడొద్దు. నేను లాయరు గారికి చెప్పని సంగతి ఒకటుంది. అది నీకు తెలుసు, నాకు తెలుసు. ఇక్కడ రాయలేను. నువ్వు చెబితే మాత్రం కాదనను.

అమ్మను ఇక నీ దగ్గరికి పంపను.

రాంబాబు


కొత్త ఏటిపాలెం
ఆగస్టు 24

రాంబాబూ,

నువ్వు అక్కడే కూర్చుని అంతా విన్నావు. అయినా రాస్తున్నాను. ఇంట్లో ఎవరితోనూ చెప్పుకునే మాటలు కావివి.

మామయ్యా నేనూ మొదటి బస్సుకే బయలుదేరాం. కోర్టు మెట్ల దగ్గర ఆయన, "అడిగినదానికి చెప్పు, కంగారుపడకు" అన్నారు. వరండా ఆ చివర అమ్మ నిలబడి ఉంది. ఇద్దరికీ మధ్య బెంచీ మీద నేను కూర్చున్నాను. నా పేరు పిలిచినప్పుడు కోర్టులో పనిచేసే ఒకామె చెయ్యిచ్చి లేపింది.

బోనెక్కి ప్రమాణం చేశాను. కుర్చీ వేయించమంటారా అని జడ్జి గారు అడిగారు. నిలబడే చెబుతానండీ అన్నాను. సర్కారు లాయరు గారు ముందు మా పెళ్ళి సంగతి, కొట్టు సంగతి అడిగి, ముద్దాయిని గుర్తుపడతారా అన్నారు. "మా తమ్ముడండీ" అన్నాను. చెయ్యి పెట్టి చూపించమన్నారు. చూపించాను. ఆ ఒక్కసారే నీ వైపు చూశాను. బాగా చిక్కిపోయావు.

"ఆ రోజు ముద్దాయి మీ ఇంటికి ఎందుకొచ్చాడమ్మా?"

"నేను రమ్మన్నానండీ."

లాయరు గారు కాగితాల్లోంచి తల ఎత్తారు. నేను ఆపలేదు. పొద్దున కుళాయి దగ్గర నువ్వు కనబడ్డావని, మీ బావకు కోపం తగ్గింది, వచ్చి మాట్లాడి అన్నం తిని వెళ్ళమని నేనే పిలిచానని చెప్పాను. కత్తి ఎక్కడి నుంచి తెచ్చాడని అడిగారు. తేలేదండీ, నేను చేపలు కోస్తున్న కత్తి, నా పక్కనే ఉంది అన్నాను. ఆయన పోలీసుల కాగితం చదివి, ఇలా చెప్పలేదా అని గద్దించారు. ఆ రోజు నేను ఏ స్థితిలో ఉన్నానో, వాళ్ళేం రాసుకున్నారో తెలియదు, కత్తి వెంట తెచ్చాడని మాత్రం నేను అనలేదు అన్నాను. వెనక బెంచీ మీద మామయ్య ఉన్నారు. అటు చూడటానికి నాకు ధైర్యం చాలలేదు.

మిగిలిందంతా వరుసగా చెప్పాను. నువ్వు వస్తూనే, మార్కెట్లో అందరి ముందూ నాకు క్షమాపణ చెప్పు అన్నావు. ఆయన చెప్పను పొమ్మన్నారు. మాటా మాటా పెరిగి ఆయన నిన్ను గడప బయటికి నెట్టారు. నువ్వు మళ్ళీ లోపలికొచ్చి నా పక్కనున్న కత్తి అందుకున్నావు. రెండు పోట్లు పొడిచావు.

తర్వాత మీ తిరుపతిరావు గారు లేచారు. ఎంత మెత్తగా అడిగారో. పిలిచింది మీరే కదమ్మా? అవునండీ. కత్తి మీదే కదా? అవునండీ. ముందు చెయ్యి చేసుకుంది మీ ఆయనే కదా? నెట్టారండీ, అవును. ఒక్కో జవాబుకూ ఆయన జడ్జి గారి వైపు చూస్తున్నారు. గుమ్మం దగ్గర అమ్మ రెండు చేతులూ జోడించి నిలబడింది. ఆయన అక్కడితో కూర్చున్నా బాగుండేది. కూర్చోకుండా ఇంకొకటి అడిగారు.

"అంటే కోపంలో అంతా ఒక్క క్షణంలో జరిగిపోయింది. ఆ రెండు దెబ్బలూ వెంటవెంటనే పడ్డాయి. అంతే కదమ్మా?"

అవునంటే సరిపోయేది. కాదనేవాళ్ళు లేరు. అప్పుడు ఆ గదిలో ఉన్నది మనం ముగ్గురం. అందులో ఒకరు లేరు. నువ్వు నోరు విప్పవు. నీ మంచం పక్కన కూర్చుని జ్వరం చూసిన చేతులు ఇవే. అవునంటే నువ్వు కొన్నేళ్ళకు బయటపడతావేమో. ఇదంతా ఆ కాసేపట్లోనే అనుకున్నాను. అనుకుంటుంటే మీ బావ గొంతు నా చెవిలో వినబడింది.

"కాదండీ" అన్నాను. "మొదటి పోటుకే ఆయన కూలబడిపోయారు. గోడకు ఆనుకుని, చెయ్యి అడ్డం పెట్టి, 'వద్దురా రాంబాబూ' అన్నారు. వాడు ఆగాడు. కత్తి పడేస్తాడనుకున్నాను. అప్పుడు మళ్ళీ పొడిచాడు."

ఇది పోలీసులకు చెప్పలేదేమని తిరుపతిరావు గారు గట్టిగా అడిగారు. ఎవరికీ చెప్పలేదండీ, ఇదే మొదలు అన్నాను. జడ్జి గారు టైపు చేసే అమ్మాయిని ఆగమని, "ఆయన సరిగ్గా ఏ మాట అన్నారో మళ్ళీ చెప్పమ్మా" అన్నారు. మళ్ళీ చెప్పాను. ఆ అమ్మాయి ఆ మాట టైపు చేస్తుంటే కీ బోర్డు చప్పుడు వింటూ నిలబడ్డాను. బయటికొచ్చేసరికి అమ్మ వెళ్ళిపోయింది.

తిరుగు బస్సులో మామయ్య కిటికీ పక్కన కూర్చున్నారు. చల్లపల్లి దాటాక అడిగారు. "నువ్వే పిలిచావని ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదమ్మాయ్?"

"చెబితే మీరు ఇంట్లో ఉండనివ్వరేమోనని."

"మరి నా కొడుకు వద్దన్న సంగతి?"

"మీరు తట్టుకోలేరని."

ఆయన తువ్వాలు మొహం మీద వేసుకున్నారు. నాగాయలంక వచ్చేదాకా తీయలేదు. ఇప్పటికి రెండు వారాలు. అత్తయ్య నాతో మాట్లాడటం లేదు. ఉండమనీ అనలేదు, వెళ్ళమనీ అనలేదు.

నువ్వు ఆగావే, అప్పుడు ఏమనుకున్నావో నాకు తెలియదు. అడగను.

దుర్గ


జిల్లా జైలు, విజయవాడ
నవంబరు 15

అక్కా,

తీర్పు వచ్చింది. యావజ్జీవం. మామయ్య గారు చెప్పే ఉంటారు. ఎలా జరిగిందో నేనే రాయాలనిపించింది.

పొద్దున నేరం రుజువైందన్నారు. శిక్ష ఎంతన్నది మధ్యాహ్నం అన్నారు. ఆ మధ్యలో లాకప్‌లో భోజనం పెట్టారు. తినేశాను. అంతా తినేశాక నాకే భయమేసింది, ఎలా తిన్నానా అని.

మధ్యాహ్నం సర్కారు లాయరు గారు కఠినమైన శిక్ష వేయాలన్నారు. తిరుపతిరావు గారు వయసు చిన్నదని, ఇంతకు ముందు కేసులేమీ లేవని, తల్లికి వేరే ఆధారం లేదని చెప్పారు. అప్పుడు జడ్జి గారు నన్నే నేరుగా అడిగారు, శిక్ష గురించి నువ్వు చెప్పుకునేది ఏమైనా ఉందా అని. అమ్మ ఉందండీ అన్నాను. ఇంకా? అన్నారు. "మా అక్క చెప్పింది నిజమండీ" అన్నాను. లాయరు గారు తల దించుకున్నారు. ఏప్రిల్‌లో ఒప్పుకోనన్న నోటితో అప్పుడు అన్నాను. ఆ మాటకు అప్పటికి విలువేమీ లేదని తెలుసు. ఆవిడ మాత్రం రాసుకున్నారు.

తీర్పులో ముఖ్యమైన ముక్కలు తెలుగులో చెప్పారు. మొదటిది నీ సాక్ష్యం గురించే. తమ్ముడికి మేలు చేసే మాటా, కీడు చేసే మాటా ఒకే నోటితో చెప్పిన మనిషిని నమ్మకపోవడానికి తనకు కారణం కనబడలేదన్నారు. కత్తి నేను తీసుకెళ్ళలేదు, పిలిస్తేనే వెళ్ళాను, కాబట్టి ముందే అనుకుని చేసిందన్న ఆరోపణ నిలబడదన్నారు. ఉరి వేయాల్సినంత అరుదైన నేరాల్లోకి ఇది రాదన్నారు. ఆ మాటకు నా ప్రాణం లేచొచ్చింది. కానీ హఠాత్తుగా జరిగిన గొడవలో కోపం పట్టలేక చేసిందని, హత్య కన్నా తక్కువ నేరం కింద చూడమని మా లాయరు గారు అడిగింది కుదరదన్నారు. పడిపోయి, చేతిలో ఏమీ లేక, వద్దని అడిగిన మనిషిని మళ్ళీ పొడిచినవాడికి చట్టం ఆ వెసులుబాటు ఇవ్వదన్నారు. అందుకని ఇది హత్యే. చదివేటప్పుడు ఆవిడ గొంతు హెచ్చలేదు, తగ్గలేదు. ఆ గదిలో జరిగింది నీ నోటి నుంచి విన్నట్టే ఆవిడ నోటి నుంచీ మళ్ళీ విన్నాను.

నువ్వు అడగనన్నది చెబుతాను. ఆగినప్పుడు నేను ఏమీ ఆలోచించలేదక్కా. మార్కెట్లో నన్ను చూసి నవ్వినవాళ్ళ మొహాలు కళ్ళ ముందు కనబడ్డాయి. బావ మొహం కనబడుతూనే ఉంది, అయినా వాళ్ళే కనబడ్డారు. ఇంతకంటే పెద్ద కారణం ఏదైనా ఉంటుందని ఇన్ని నెలలూ వెతుక్కున్నాను. లేదు.

బయటికి తీసుకొస్తుంటే మామయ్య గారు వరండాలో నిలబడి నన్ను చూశారు. నేను చూడలేకపోయాను.

త్వరలో రాజమహేంద్రవరం పంపిస్తారు. హైకోర్టుకు అప్పీలు వేస్తానని లాయరు గారు సంతకం అడుగుతున్నారు. నీతో చెప్పకుండా పెట్టబుద్ధి కాలేదు.

రాంబాబు


కొత్త ఏటిపాలెం
డిసెంబరు 21

రాంబాబూ,

సంతకం పెట్టు. అప్పీలు నీకు చట్టం ఇచ్చిన దారి. అక్కడ సాక్షులను మళ్ళీ పిలవరట, నేను చెప్పింది కాగితం మీద చదువుతారట. చదవనీ. నేను అడ్డం రాను, సాయానికీ రాను.

తీర్పు రోజు మామయ్య చీకటి పడ్డాక వచ్చారు. ఉరి పడలేదని అత్తయ్యకు ఆయనే చెప్పారు. అత్తయ్య నన్ను చూపించి, "ఇదే పిలిచి, ఇదే కాపాడుకుంది తమ్ముణ్ణి" అంది. మామయ్య కంచం ముందు నుంచి లేచారు. "అది పిలిచింది అన్నం పెట్టడానికే నాంచారూ. వాడు చేసింది వాడు చేసిందే. దీని మీద పెట్టమాక" అన్నారు. అత్తయ్య చాలాసేపు ఏడ్చింది. మరునాడు పొద్దున నాకు టీ గ్లాసు తెచ్చిచ్చింది. ఇంకా పెద్దగా మాట్లాడదు. కానీ మాట్లాడుతోంది.

నాకు మనశ్శాంతి వచ్చిందా అని ఊళ్ళో ఒకరిద్దరు అడిగారు. లేదు. ఆయన లేరు, నువ్వు ఉండీ లేవు. న్యాయం జరిగిందనే అనుకుంటున్నాను. అనుకున్నాక ఇంట్లోకి వస్తే ఆయన చొక్కాలు అలాగే ఉన్నాయి.

ఇప్పుడు రాయాల్సిన సంగతికి వస్తాను. బడిలో ఎవరో పిల్లలు కీర్తనతో, మీ మామయ్యకు జైలంట కదా అన్నారట. దానికి ఇన్నాళ్ళూ నాన్న ప్రమాదంలో పోయాడని మాత్రమే చెప్పాం. ఇంటికొచ్చి నన్ను అడగలేదు, తాతయ్యను అడిగింది. ఆయన నా వైపు చూశారు. పక్కన కూర్చోబెట్టుకుని కోర్టులో చెప్పిందంతా దానికీ చెప్పాను. పదేళ్ళ పిల్లకు అర్థమయ్యే మాటల్లో చెప్పాను. కానీ ఏదీ దాచలేదు. అది ఏడవలేదు. అంతా విని, "నాన్న ఏం తప్పు చేశాడమ్మా?" అంది.

నేను చెప్పబోయాను. "నువ్వు కాదు, మామయ్య చెప్పాలి" అంది.

కాబట్టి దానికి రాయి. నా పేరున కాదు, దాని పేరునే రాయి. దాని తాతయ్య ఒప్పుకున్నారు. చదివి వినిపించను, అదే చదువుకుంటుంది.

నేను చూడటానికి రాను. ఎప్పటికైనా వస్తానో రానో చెప్పలేను. నీకు రాస్తాను, అది మాత్రం మానను. చలికాలం, రాత్రిళ్ళు చెవులకు గుడ్డ కట్టుకుని పడుకో. నీకు చిన్నప్పటి నుంచీ చలి పడదు.

అక్క


కేంద్ర కారాగారం, రాజమహేంద్రవరం
2026 జనవరి 12

కీర్తనమ్మకు,

మామయ్య రాసేది. నువ్వు అడిగిన ప్రశ్న అమ్మ నాకు రాసింది. ఈ ఉత్తరం చాలాసార్లు మొదలుపెట్టి ఆపేశాను. నీకు రాయడం కోర్టులో మాట్లాడటం కంటే కష్టంగా ఉంది.

మీ నాన్న ఏ తప్పూ చేయలేదమ్మా.

ముందు రోజు నన్ను కొట్టాడు. నేను తాగి పడుకుని, ఆయన నమ్మి అప్పగించిన పని పాడు చేశాను కాబట్టి కొట్టాడు. మర్నాడు నన్ను ఇంట్లోంచి నెట్టాడు. నేను గుమ్మంలో నిలబడి అరిచాను కాబట్టి నెట్టాడు. వాటికి నేను అలిగి ఉండొచ్చు, ఊరు వదిలి వెళ్ళిపోయి ఉండొచ్చు, తిరిగి నెట్టి ఉండొచ్చు. నేను కత్తి తీశాను. ఆయన వద్దన్నాడు. వద్దన్నాక కూడా నేను ఆగలేదు. ఆగడానికి నాకు వీలుంది. ఎవరూ నన్ను పట్టుకుని చేయించలేదు.

మీ అమ్మ నన్ను అన్నానికి పిలిచింది. ఆమె తప్పూ లేదు. నీకు పెద్దయ్యాక ఎవరైనా ఇంకోలా చెబితే నమ్మొద్దు.

నాకు ఇక్కడ వడ్రంగం పని నేర్పుతున్నారు. పొద్దున లెక్క చూసి పనికి తీసుకెళతారు, సాయంత్రం మళ్ళీ లెక్క చూసి లోపల పెడతారు. ఎన్నేళ్ళు ఇలా అన్నది నేను తేల్చుకునేది కాదు. నన్ను క్షమించమని నిన్ను అడగను. చిన్నపిల్లవు, ఆ బరువు నీ మీద పెట్టకూడదు. నా మీద కోపం రావాలి. వస్తే అణుచుకోకు. జవాబు రాయాలనిపించకపోతే రాయొద్దు.

హైకోర్టులో అప్పీలు వేశాం. అక్కడ మా లాయరు గారు నాకు శిక్ష తగ్గించమని వాదిస్తారు. ఒక్క క్షణంలో జరిగిపోయిందని అంటారు. అది ఆయన పని, ఆయన చేస్తారు. అక్కడ ఏం వాదించినా, వాళ్ళు ఏం తేల్చినా, నీకు మాత్రం నేను చెప్పేది ఇదే.

రాంబాబు మామయ్య